గాలిపటం లేవని నాలుగు రోజులు

ఆదోనిలో మా కాశీం సారు దగ్గర కంప్యూటరు నేర్చుకున్నవాళ్లలో ఉరుకుందును మించిన చురుకైనవాడు లేడు. ఆ సంగతి మాకంటే వాడికే ఎక్కువ తెలుసు. వాడి తంటా అంతా అక్కడే.

మూడేండ్లుగా సారును ఒకటే అడుగుతున్నాడు. "సార్, నేనెప్పుడు పాఠం చెప్పేది?"

సారుదీ ఒకటే జవాబు. "నీకింకా ఒక ముక్క రాలేదు నాయనా." ఏ ముక్కో చెప్పడు. మళ్లీ అడిగితే, టీ తాగుతావా అంటాడు.

సారు పాలిటెక్నిక్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి ముందర గదిలో ఏడు కంప్యూటర్లు పెట్టినాడు. ఏదో బడివాళ్లు ఇంక పనికిరావని పారేస్తుంటే ఆటోలో వేయించుకొచ్చినవి. కొత్త విండోస్ వాటిలో కాలు కూడా పెట్టదు. సారు లినక్స్ ఎక్కించినాడు, లేచి కూర్చున్నాయి. లినక్సంటే అదీ విండోస్ మాదిరే, కంప్యూటరును నడిపించేది. కాకపోతే దేశదేశాల జనం తలా ఒక చెయ్యి వేసి చేసి, కావాలన్నవాళ్లకు ఊరికే ఇచ్చేస్తారు. నేను బట్టలు కుట్టుకునేదాన్ని. కుట్టుమిషను తప్ప ఇంకో మిషను ముట్టనిదాన్ని. పింఛను ఫారాలు నింపడం, అర్జీలు కొట్టడం, ఊరు దాటిన చెల్లెలితో ముఖాముఖి మాట్లాడడం, అన్నీ ఆ గదిలోనే నేర్చుకున్నా.

ఒకనాడు బసన్న వచ్చినాడు. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మిషనులో కుడిచెయ్యి పడి నలిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి వేళ్లయితే నిలబెట్టినారు గానీ అవి కొయ్యముక్కల మాదిరి బిగుసుకుపోయినాయి. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చినాడు. దానికి వైరు, ఆ వైరు కంప్యూటరుకు తగిలించాలి. దాంతోపాటు ఒక ఆట. బంతి నొక్కితే తెర మీద గాలిపటం లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంతే ఆట.

"నలభై దినాలు నొక్కమన్నాడు సారూ," అన్నాడు బసన్న. "అప్పటికి వేళ్లు కదిలితే సరి. లేదంటే ఇంక జన్మలో కదలవంట. పన్నెండు దినాలు కంప్యూటరు కోసం తిరగడానికే పాయె."

ఆట చూస్తే విండోస్‌ది. ఎవరో ఎప్పుడో చేసి వదిలేసింది. మా కంప్యూటర్లలో విండోస్ లేదు.

"నేను నడిపిస్తా సార్," అన్నాడు ఉరుకుందు.

సారు సరేనన్నాడు. ఆ సాయంత్రమే కూతురి కాన్పని గుత్తికి బయలుదేరిపోయినాడు.

లినక్సులో విండోస్ ఆటలు నడపడానికి వైన్ అనేది ఒకటుంది. తాగేది కాదులెండి. ఆట విండోస్‌లో పుట్టింది కాబట్టి ఏం కావాలన్నా విండోస్‌నే అడుగుతుంది. వైన్ మధ్యలో కూర్చుని, విండోస్ ఎట్ల చెప్తుందో అట్లనే జవాబు చెప్తుంది. ఆట నమ్మి ఆడుతుంది.

మర్నాటికి ఉరుకుందు ఆట తెరిచినాడు. బంతి తగిలించకుండానే, కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కినాడు. గాలిపటం రివ్వున లేచింది. బసన్నతో సహా అందరం చప్పట్లు కొట్టినాం. అయితే ఆట వెనక ఇంకో నల్ల కిటికీలో వరసలు వరసలుగా ఏదో పడుతోంది.

"ఏందిరా ఉరుకుందా, ఆ ఎనక ఫిక్స్‌మీ, ఫిక్స్‌మీ అని పడతాంది?" అన్నా.

"ఏంలేదక్కా."

"ఫిక్స్‌మీ అంటే నన్ను బాగుచేయండని కదా. అంతగా మొత్తుకుంటాంటే ఏంలేదంటావేం?"

అందరూ నవ్వినారు. నా నోరు ఊరుకోదు, అది నా జబ్బు. వాడి చెవులు ఎర్రబడినాయి. గబగబా కీబోర్డు మీద ఒక మాట కొట్టి, ఆట మళ్లీ తెరిచినాడు. వరసలన్నీ ఆగిపోయి నల్ల కిటికీ కడిగిన పలక మాదిరి అయింది. అప్పటికి అది గొప్ప విద్య అనే అనుకున్నాం.

మరునాటి నుంచి బసన్న పొద్దున పదింటికల్లా వచ్చి బంతి పట్టుకుని కూర్చునేవాడు. పళ్లు బిగించి నొక్కుతాడు. గాలిపటం నేల మీదనే ఉంటుంది. ఇంకోసారి నొక్కుతాడు. నుదుట చెమట పడుతుంది గానీ గాలిపటం లేవదు. మొదటిరోజు ఉరుకుందు "గట్టిగా నొక్కు బసన్నా" అన్నాడు. రెండోరోజు "రేపటికి చూద్దాం" అన్నాడు. మూడోరోజు, నాలుగోరోజు బసన్న వచ్చే వేళకు ఏదో పని పెట్టుకుని బయటికి పోయేవాడు.

అయిదోరోజు సారు వచ్చినాడు. వెనకే బసన్న, తువ్వాలలో చుట్టిన బంతి తెచ్చి బల్ల మీద పెట్టినాడు.

"ఇది ఇంకెవరికన్నా ఇయ్యి సారూ. ఆట బాగనే ఉంది. ఉరుకుందు ఆడితే లేచింది, అందరం చూసినాం. తప్పు యాడా కనపడలేదు. నా చెయ్యే సచ్చిపోయింది."

అని తల దించుకున్నాడు. ఉరుకుందు వాకిలి వైపు జరిగినాడు.

సారు వాడి ముఖం చూసినాడు. ఆట తెరిచి, వెనక బోసిగా ఉన్న నల్ల కిటికీ చూసినాడు. కుర్చీ లాగి వాణ్ణి కూర్చోబెట్టినాడు.

"ఏదో మూసినట్టుండావే. తెరువు."

ఉరుకుందు తాను కొట్టిన మాట చెరిపేసినాడు. సారు వంగి ఇంకో మాట చేర్చి ఆట మళ్లీ తెరిచినాడు. బంతిని తన చేతులతోనే బసన్న గుప్పిట్లో పెట్టినాడు. "ఒక్కసారి నొక్కు బసన్నా. చేతనైనంత." బసన్న నొక్కినాడు. గాలిపటం కదల్లేదు. సారు ఆట మూసేసినాడు.

"ఆట ఏమడిగిందో, వైన్ ఏం చెప్పిందో అంతా ఈడ పడింది. మొదట్నుంచి చదువు. తెలుగులో చదువు. బసన్నకు వినపడాల."

ఉరుకుందు మొదలుపెట్టినాడు. "నేను ఉండేది ఏ డ్రైవులో అని ఆట అడుగుతాంది. సీ డ్రైవులో అని వైన్ చెప్తాంది." తలెత్తి, "సీ డ్రైవు విండోస్‌లో కదా, లినక్సులో యాడుంటాది సార్?" అన్నాడు.

"చదువు."

"ఇది ఏ విండోస్ అంటాంది. ఫలానాది అంటాంది. అక్షరాలు యాడ అంటాంది. ఇవిగో అంటాంది. తెర ఎంత వెడల్పంటాంది. ఇంత అంటాంది. గడియారం ఎంత అంటాంది. ఇంత అంటాంది. మళ్లీ ఎంత అంటాంది. మళ్లీ చెప్తాంది."

మొదట గబగబా చదివినాడు, పద్యం అప్పజెప్పినట్టు. రానురాను నిదానించినాడు. గొంతు ఆరిపోతే నేను నీళ్లిచ్చినా. ఒకచోట ఆగిపోయినాడు.

"ఫిక్స్‌మీ," అన్నాడు మెల్లగా.

"ఏమంటాంది?"

"ఇది నాకింకా రాదు, తెలిసినవాళ్లు బాగుచేయండి అంటాంది సార్."

"ఎవరు రాసినారు ఆ మాట?"

"వైన్ చేసినవాళ్లే. రానిచోట రాదని రాసిపెట్టి పోయినారు."

సారు గోడ గడియారం చూసినాడు. "నువ్వు చదవబట్టి గంటయింది. ఆటలో ఎంతసేపయింది? పక్కన టైము ఉంటాది చూడు."

వాడు చూసినాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసినాడు.

"ఒక్క సెకను కూడా కాలేదు సార్."

రోజూ ఆ పెట్టె ముందర కూర్చునేదాన్ని, నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక చిన్న గాలిపటం ఇంకా తెర మీదకన్నా రాలేదు, అప్పటికే అన్ని వందల ప్రశ్నలు, అన్ని వందల జవాబులు. ఒక్కటీ విసుక్కోలేదు. రానిదాన్ని వచ్చని ఒక్కచోటా అనలేదు.

ఉరుకుందు గొంతు మారిపోయింది. "విండోస్ లోపలేముందో బయటివాళ్లకు చూపించరు కదా సార్. ఇన్ని జవాబులు వీళ్లకెట్ల తెలిసినాయి?"

"విండోస్ వాకిట్లో కూర్చోని, ఏమడిగితే ఏమంటాదో విన్నారు."

"ఎన్నాళ్లు?"

"ముప్పై ఏండ్ల పైమాటే. ఇంకా కూర్చోనే ఉండారు." సారు తెర వైపు వేలు చూపించినాడు. "ఇప్పుడు బసన్న నొక్కిన కాడికి పో."

వాడు చాలా కిందికి పోయినాడు. "బంతి కదిలింది అని రాసింది. మళ్లీ కదిలింది. మళ్లీ కదిలింది. ఎంత నొక్కినారు అని ఆట అడిగింది." ఆగినాడు. "ఫిక్స్‌మీ. ఈ రకం బంతిని కొలవడం నాకింకా రాదు."

బసన్న కుర్చీలోంచి లేచినాడు. "ఆగు నాయనా. కదిలిందన్నావు. ఏది కదిలింది?"

"నీ చెయ్యే బసన్నా."

"దానికి తెలిసిందా?"

"నువ్వు నొక్కిన ఆ ఒక్కసారికే పదకొండుసార్లు రాసింది."

బసన్న తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు ఎగిరెగిరి పడినాయి. ఉరుకుందు కిందికి దిగి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు పోయినాక నేను నొక్కినా లేవలేదు. తప్పు నీ చేతిది కాదని నాకు మొదటిరోజే తెలుసు బసన్నా. నాకు రాదు అని చెప్పలేకపోయినా."

నేను ఆనాడు వాడి మీద అందరినీ నవ్వించకపోయి ఉంటే వాడు మూసేవాడు కాదేమో. ఆ మాట ఇప్పటికీ నన్ను కుడుతుంది.

ఆ ఫిక్స్‌మీ వరసనే ఉరుకుందు ఇంటర్నెట్టులో వేసి వెతికినాడు. ఎవరో లారీ తోలే ఆటకు కాలితో నొక్కే పెడల్ తగిలించుకుని, సరిగ్గా ఈ వరస దగ్గరే చిక్కుకుని, ఇదేందని అడిగి ఉన్నాడు. దాని కింద ఇంకొకరు, బాగుచేసినా, కొత్త వైన్‌లో ఉంది అని రాసి ఉన్నాడు. ఏ దేశమో తెలీదు. పేరున్న చోట రెండక్షరాలే. మా దగ్గరున్నది పాత వైన్.

మధ్యాహ్నం సంగటి వేళకు కొత్తది ఎక్కింది. బసన్న బంతి నొక్కినాడు. గాలిపటం నేల విడిచి రెండు వేళ్ల ఎత్తు లేచింది. వణికి దిగింది. మళ్లీ లేచింది. ఈసారి ఎవరం చప్పట్లు కొట్టలేదు. సారు కూడా చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు, అదే మొదటిసారి చూస్తున్నట్టు.

డాక్టరు చెప్పిన నలభయ్యో రోజు బసన్న కర్నూలు పోయి, మర్నాడు నేరుగా గదికే వచ్చినాడు. చొక్కా గుండీలు తానే పెట్టుకున్నాడు. ఒకటి పక్క కాజాలోకి పోయింది. కుట్టేదాన్ని, నా కళ్లు దాని మీదే పడినాయి. సరిచేయాలని చెయ్యి పోలేదు.

ఉరుకుందు పక్కన కూర్చుని బసన్న అడిగినాడు. "నాయనా, ఆ రెండక్షరాల మనిషి నన్ను చూడలేదు, నా బంతి చూడలేదు. యాడో కూర్చోని నా చెయ్యి ఎట్ల కొలిచినాడు?"

ఇదివరకటి ఉరుకుందయితే అరగంట ఉపన్యాసం దంచేవాడు.

"నాకింకా తెలీదు బసన్నా," అన్నాడు.

వాకిట్లో చెప్పులేసుకుంటున్న సారు ఆగినాడు. వెనక్కి వచ్చి గది తాళంచెవి వాడి ముందర పెట్టినాడు.

"రేప్పొద్దున పాఠం నువ్వు చెప్పు."