తాత పిడికెడు, సుంకమ్మ మూతెడు

దొరగారి కొత్త తుపాకి పగిలిపోయింది. దానితోపాటు దొరగారి కుడిమీసమూ పోయింది. పోవలసిన తలకాయ మాత్రం ఒకటి మిగిలింది. ఎలా మిగిలిందో చెబుతాను, వినండి.

మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలం. అడవి అంచున ఒక ఊరు. ఆ ఊళ్లో బొజ్జన్న జొన్నచేలకు కావలి కాసేవాడు. అతని పెళ్లాం సుంకమ్మ దొరగారి కొట్టంలో పేడ ఎత్తేది. ఆమె నడుముకు ఎప్పుడూ సున్నపుకాయ వేలాడేది. ఆకూ వక్కా నోట్లో లేకపోతే ఆమెకు మాట రాదు. ఉంటే ఆగదు.

ఆ ఏడు అడవిపందులు చేల మీద పడ్డాయి. వచ్చాయి, తిన్నాయి, పోయాయి. మళ్లీ వచ్చాయి, తిన్నాయి, పోయాయి. మూడోసారి వచ్చాయి, తిన్నాయి, అక్కడే పడుకున్నాయి.

దొరకు రోషం వచ్చింది. గోడ మీది తాతగారి తుపాకి దింపించాడు. ఒక్క దెబ్బకు పులిని పడగొట్టిందని దానికి పేరు. ఇప్పుడు గొట్టం నిండా తుప్పే. కమ్మరి ఓబులయ్యను పిలిచి, "అచ్చం ఇలాంటిదే చెయ్యి" అన్నాడు.

ఓబులయ్య చేశాడు. అదే పొడుగు, భుజానికి ఆనించే అదే మడమ, మడమ మీద అదే వెండిపువ్వు. ఒక్కసారికి ఒక్కటే గుండు. పేల్చిన ప్రతిసారీ మళ్లీ మందు పోసి, గుండు వేసి, గజపు చువ్వతో దట్టించాలి.

"దీన్ని బొజ్జన్న పేలుస్తాడు" అన్నాడు దొర. బొజ్జన్న రొమ్ము విరుచుకున్నాడు.

"మందు ఎంత పొయ్యాలి దొరా?" అంది సుంకమ్మ.

"మా తాత పిడికెడు పోసేవాడు. పిడికెడే పొయ్యాలి."

"ఆయన పిడికిలి ఎంతుండేదో?"

"అందులో కొబ్బరికాయ దాగేది!" అన్నాడు దొర గర్వంగా.

సుంకమ్మ ఓబులయ్యను పక్కకు లాగింది. "ఓబులన్నా, ఈ ఇనుము ఆ ఇనుమేనా?"

"ఆ ఇనుము ఎక్కడిదో ఎవరికెరుక తల్లీ! ఇది విరిగిన బండిచక్రం పట్టా. చూపుకు మటుకు అదే."

ఇంటికి పోతూ దారిలో మొగుణ్ణి పట్టుకుంది. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందంట. నువ్వు పేల్చనని చెప్పు."

"దొరకు నేను చెప్పాలా? నాది నీలాంటి నోరా?"

"చెయ్యి పోతే ముద్ద నేను కలిపి పెడతానయ్యా. తల పోతే ముద్ద ఎక్కడ పెట్టేది?"

అయినా బొజ్జన్న తెల్లారి చేతికి నూనె రాసుకుని బయలుదేరాడు.

చేను గట్టున ఊరంతా చేరింది. డప్పు మోగింది. దొర మందుసంచి విప్పాడు. అప్పుడు సుంకమ్మ ఆకు దవడకు తోసి, చేతులు జోడించింది.

"దొరా, కొత్త తుపాకి మొదటి మూడు దెబ్బలూ పోలేరమ్మవి. మనిషి భుజాన పెట్టి పేలిస్తే అమ్మకు కోపం."

అలాంటి ఆచారం ఎవరూ వినలేదు. వినలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. పూజారి తల ఊపాడు. పూజారి ఊపాడని కరణం ఊపాడు. కరణం ఊపాడని దొర ఊపాడు.

"మరి ఎవరు పేల్చాలి?"

"దిష్టిబొమ్మ" అంది సుంకమ్మ.

చేలోని దిష్టిబొమ్మను పెరికి తెచ్చి మొద్దుకు కట్టారు. దాని ఒంటిమీద బొజ్జన్న పాత అంగీ ఉంది. భుజానికి తుపాకి కట్టి, మీటకు పొడుగాటి తాడు కట్టి, అందరూ బండరాయి వెనక్కి చేరారు.

మొదటి దెబ్బకు సుంకమ్మ తన సున్నపుకాయ మూతతో ఒక్క మూతెడు మందు కొలిచింది. తాడు లాగారు. ఫుస్సుమంది. గుండు నాలుగు బారలు పోయి, అలసిపోయి పడింది.

"పందికి దిష్టి తీసినట్టుంది!" అని జనం నవ్వారు.

ఓబులయ్య గొట్టం తడిమి, "పగుల్లేదు" అన్నాడు. రెండో దెబ్బకు రెండు మూతలు పోసింది. తాడు లాగారు. ఢామ్మంది. దూరాన పెట్టిన కుండ పెంకులైంది. ఓబులయ్య మళ్లీ తడిమాడు. "పగుల్లేదు."

"పందికి ఇది చాలు దొరా" అంది సుంకమ్మ.

"పులికి?"

"పులి ఎక్కడుంది దొరా?"

"మా తాతకు ఉండేది!"

మూడోసారి దొరే మందు పోశాడు, నిండు పిడికెడు. దట్టించి, బాగా కనబడాలని బండరాయి చాటు నుంచి బయటికి వచ్చి నిలబడ్డాడు.

"వెనక్కి రండి దొరా!"

"మా తాత ఏనాడూ వెనక్కి రాలేదు!"

తాడు లాగారు.

పొగ తేలేసరికి తుపాకి లేదు. దిష్టిబొమ్మకు తల లేదు. దొర నేల మీద కూర్చుని, లేని మీసాన్ని దువ్వుకుంటున్నాడు.

అంగీ పీలికలై తుమ్మకంప మీద వేలాడుతోంది. బొజ్జన్న వెళ్లి తీసుకున్నాడు. మెడ దగ్గర చూశాడు. మెడ లేదు.

"ఇది నాదే" అన్నాడు మెల్లగా.

"నీదే. ఉతికిస్తాలే" అంది సుంకమ్మ.

ఓబులయ్య మందపాటి గొట్టంతో ఇంకో తుపాకి చేశాడు. అమ్మ దెబ్బలు మళ్లీ మొదటినుంచీ పేల్చారు. ఈసారి రెండు మూతలు దాటలేదు. ఆ కొలతతోనే బొజ్జన్న ఒక పందిని పడగొట్టాడు. మిగతావి పక్కూరి పాలయ్యాయి.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త తుపాకి వస్తే మొదట దిష్టిబొమ్మకే ఇస్తారు. ఎవడైనా బలానికి మించి గొప్పలకు పోతే, "తాత పిడికెడు మానుకో, సుంకమ్మ మూతెడు చూసుకో" అంటారు.

అప్పట్లోనే దొర ఒంటిమీసంతో వచ్చి అడిగాడు. "ఈ ఆచారం ఎవరు పెట్టిందే?"

సుంకమ్మ ఆకు నములుతూ ఆలోచించింది. నేనే అంటే, పేడ ఎత్తేదాని మాటకు విలువ లేదంటారు. తర్వాతి తుపాకి బొజ్జన్న భుజం మీదికే వస్తుంది. ఆ నిమిషాన ఒక నిర్ణయానికి వచ్చింది.

"అమ్మే పెట్టింది దొరా" అంది.

తర్వాత పూజారి అడిగాడు. "అమ్మే" అంది.

చివరికి, సుంకమ్మ ముసలిదై మంచాన పడ్డాక, బొజ్జన్న ఆమె చెవి దగ్గర వంగి అడిగాడు. "ఇప్పుడైనా చెప్పవే. అది నువ్వు అల్లిందే గదా?"

సుంకమ్మ మొగుడి తలను, రెండు చెవులను ఒకసారి తడిమి చూసుకుంది.

"అమ్మే పెట్టిందయ్యా" అని, అటు తిరిగి పడుకుంది.