చేతులమ్మ గవి గీతమంట నోము కథ

అక్షతలు చేతిలోనికి తీసుకొనుడు. పిల్లలారా, గుసగుసలు చాలించి ఇటు చూడుడు. ఇది నిప్పు కథ. పరాకుగా విన్నవారిని నిప్పు ఊరుకొనదు.

పూర్వము దర్భకేతుడను ముని, వేసవి కార్చిచ్చులో తన ఆశ్రమము బూడిద కాగా, కట్టుబట్టలతో చలపర్ణ మహర్షి కడకు వచ్చి నమస్కరించి, అడవిని, అడవిలోని పెద్దల చోట్లను నిప్పు నుండి కాపాడు వ్రతమేదైనను కలదా యని అడిగెను. అందుకు చలపర్ణుడు నవ్వి, కలదు నాయనా, ముందుగా నీవే నిప్పు పెట్టుకొనవలెననెను. ఈయనకు మతి చలించెనా యని దర్భకేతుడు తెల్లబోయెను. తొందరపడకుము, బయ్యమ్మ కథ వినుమని మహర్షి చెప్పసాగెను.

నల్లమల నడుమ చెంచుల పెంట యొకటి కలదు. పది పన్నెండు గుడిసెల చిన్న ఊరు. దానికి ఎగువన చేతులమ్మ గవి యను కొండగుహ యుండెను. ఆ గవిలో విగ్రహము లేదు, గంట లేదు. గోడ నిండ జేగురురంగు చేతులు, అంతే. పెంటలో పుట్టిన ప్రతి బిడ్డకును పేరు పెట్టిన దినమున తల్లి గోడ అడుగున కూర్చుండి, బిడ్డ అరచేతికి జేగురు పూసి రాతికి అద్దించును. పెండ్లినాడు మరల పైన అద్దించుదురు. తాతలు, వారి తాతలు అందరును ఆ గోడమీదనే యున్నారు. ఆ చేతులన్నియు కలిసినదే తమ యమ్మ యని వారి నమ్మకము.

ఆ గవికి కాపుగా వారికొక నోము కలదు. మాఘమాసమున, గడ్డి తల యెండి మొదలింకను పచ్చిగా నున్నప్పుడు, మంచు విడిచిన వేళ, గవి చుట్టును ఇరువది బారల వెడల్పున గీత గీసినట్లు నిప్పు పెట్టుదురు. దానినే గీతమంట యందురు. ముందుగా పొదలు తట్టి, గూళ్లు వెదకి, "పొండమ్మా, పక్కకు పొండి, అమ్మ పొయ్యి ఎలిగిస్తా ఉంది" అని కుందేళ్లను, కౌజుపిట్టలను హెచ్చరింతురు. గాలికి ఎదురుగా అంటించుటచే మంట నడచునే గాని పరుగెత్తదు. అందరును పచ్చికొమ్మలు పట్టి నిలిచి, గీత దాటిన మంటను కొట్టి ఆర్పుదురు. ఎండలు ముదిరిన పిమ్మట ఎంతటి కార్చిచ్చు వచ్చినను, ఆ నల్లని నేలపై తినుటకేమియు లేక చచ్చును. మొదటి కొరవి పట్టు హక్కు చిగుర్ల వారి యింటి ఆడువారిది.

ఆ యింటి కోడలే బయ్యమ్మ. పనిలో దిట్ట, మాటలో మిరపకాయ. ఆమెకు లేకలేక కలిగిన గంగి యను కూతురు ఐదవ యేట జ్వరము తగిలి చనిపోయెను. అయ్యో, ఆ తల్లి కడుపుకోత ఏమని చెప్పుదును! గంగి పేరునాటి చిట్టిచెయ్యి గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తున ఉండెను. బయ్యమ్మ ప్రతిదినమును పోయి దానిమీద తన చెయ్యి వేసి కూర్చుండెడిది. నాకొక బిడ్డ ఉండెనని చూపుకొనుటకు ఆమెకు లోకమున మిగిలినది అదొక్కటే.

మాఘము వచ్చెను. భర్త అంకన్న కొరవి తెచ్చి ఆమె చేతికీయబోయెను.

"నా బిడ్డ చేతికాడ నిప్పు బెట్టమంటావా మామా? జొరంతో దాని ఒళ్లు కాలింది సాల్లేదా?" అని బయ్యమ్మ ఘొల్లుమనెను.

పుట్టెడు దుఃఖములో నున్నది, వచ్చే యేడు చూతమని పెంటవారు కొరవి ఆర్పి వెడలిరి. జాలి మంచిదే. కాని గడ్డికి జాలి తెలియునా?

నోము తప్పిన మొదటి యేడు, కాలని నేలను లేతగడ్డి మొలవక దుప్పులు వేరొక లోయకు పోయెను. బయ్యమ్మ కొరవి ముట్టలేదు. రెండవ యేడు ఆకుచెత్త మోకాటి లోతున పేరుకొని, రాలిన ఇప్పపువ్వు కంటికి కానరాక కుళ్లెను. పెంటవారు పూట మార్చి పూట పస్తులుండిరి. అప్పటికిని ముట్టలేదు. మూడవ యేడు బోదగడ్డి గవినోటికి మనిషెత్తున పెరిగెను. ఆ వైశాఖమున ఎవడో బాటసారి ఆర్పక విడిచిన పొయ్యి నుండి కార్చిచ్చు లేచి గవిమీద పడెను. రాయి వేడికి పెటపెట పగిలెను. కుడివైపు గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి, తాతల చేతులు, అత్త నాగవ్వ చెయ్యి నేల రాలెను. గంగి చెయ్యి మాత్రము పొగచూరి నిలిచెను. పగులు దానికి నాలుగు వేళ్ల దూరమున ఆగెను.

బయ్యమ్మ ఆ పెచ్చులను ఒడిలో పోసికొని ఏడ్చుచుండగా, మిట్టమధ్యాహ్నమున ఒక ముసలవ్వ వచ్చి గుక్కెడు అంబలి అడిగెను. ఏడ్చుచునే బయ్యమ్మ ముంతతో అంబలి తెచ్చి యిచ్చెను.

"ఏందే పిల్లా ఆ ఏడుపు?"

"నిప్పు మా పెద్దోళ్లను మింగేసిందవ్వా."

"దానిదేముందిలే. మూడేండ్లు నువ్వు కూడు వండి పెట్నావు, అది వచ్చి తినిపాయ. మాగంలో గుప్పెడు మంట వద్దంటివి, బైశాకంలో కాష్టమే వచ్చె. బిడ్డను కాపాడుకునేదంటే సుట్టూ గడ్డి పెంచేదా?"

బయ్యమ్మకు చెంప పగిలినట్లాయెను. తనకు నిప్పన్న భయమని చెప్పుకొనెను.

"నాకు మాత్రం బయం లేదా? బయం లేనోళ్లు నిప్పు ముట్టగూడదే తల్లీ. బయముండే నీ చేతికే అది ఇంటాది" అని ముసలవ్వ ముంత దించి మాయమయ్యెను. ముంతకు జేగురుచెయ్యి అచ్చు పడి యుండెను. చేతులమ్మయే వచ్చెనని బయ్యమ్మ లెంపలు వాయించుకొని, వచ్చే మాఘమున నోము చేసెదనని మ్రొక్కెను.

మాఘము వచ్చెను. దానితోపాటు రాజుగారి వనపాలుడును వచ్చెను! చైత్రమున ప్రభువుల వేట కలదు గనుక, అడవిలో నిప్పురవ్వ కనబడినచో పెంట మొత్తమును అడవి దాటించెదనని దండోరా వేయించెను. పెంటవారు గుండెలు చేత పట్టుకొనిరి. బయ్యమ్మ గవికి పోయి బిడ్డ చేతిపై చెయ్యి వేసి కొంతసేపు నిలిచెను. పిమ్మట వెలికి వచ్చి, అంకన్న చేతి నుండి కొరవి అందుకొనెను. పొదలు తట్టిరి. గూళ్లు వెదకిరి. ఎదురుగాలికి మంట పెట్టి, పచ్చికొమ్మలతో కాచి, ప్రొద్దు నడినెత్తికి రాకముందే గీత ముగించిరి. వనపాలుడు ఆ నల్లనేల చూచి చిందులు త్రొక్కి, వేట ముగిసిన మరునాడే మూటలు కట్టుకొనవలెనని ఆజ్ఞాపించెను.

చైత్రమున రాజు వచ్చెను. వేటవారి వంటపొయ్యినుండియే నిప్పు జారి, వడగాలికి ఆకాశమంత లేచెను. గుఱ్ఱములు త్రాళ్లు తెంపుకొనెను, భటులు దిక్కుతోచక పరుగెత్తిరి. అప్పుడు బయ్యమ్మ గవి ముంగిట నిలిచి,

"ఇటు రా దొరా! నల్లనేల మీదికి రా! మీ వాళ్లను గూడా పిలుసుకోని రా!" అని కొండ దద్దరిల్లునట్లు కేక పెట్టెను.

రాజు, పరివారము, వారి వెంట వనపాలుడును గీత దాటి గవిలో దూరిరి. కార్చిచ్చు బుసకొట్టుచు గీత దాక వచ్చెను. అటు తిరిగెను, ఇటు తిరిగెను, తినుటకు గడ్డిపోచ దొరకక అక్కడికక్కడే కూలెను. ఒక్క చెయ్యి చెదరలేదు. గంగి చెయ్యి చెదరలేదు! పెంటవారి డప్పులకు నల్లమల మారుమ్రోగెను.

రాజు తేరుకొని ఇది యెవరి పుణ్యమని అడుగగా, వనపాలుడు అలవాటు చొప్పున, అడవికి నిప్పు పెట్టిన దోషి ఈమెయే ప్రభూ యని చూపెను. నీ తలపాగా కాలక మిగిలినది ఆ దోషము చేతనే గదా యని రాజు పకపక నవ్వెను. పిమ్మట బయ్యమ్మను బంగారము కోరుకొమ్మనెను.

"బంగారం పోస్తే గడ్డి పోతాదా దొరా? గవి మాది, గవి సుట్టూ నేల మాది. నిప్పు ఎప్పుడు పెట్టాలో, యాడ పెట్టగూడదో మేం జెప్తాం. మీ వాళ్లు ఇనాల. అంతే నా కోరిక."

రాజు ఆ కోరికను రాతిశాసనము వ్రాయించి, తన రాజ్యమునందలి అడవులన్నింట అక్కడివారి మాట ప్రకారమే నోము జరుపవలెనని చాటించెను. ఏటేట వనపాలుడు పచ్చికొమ్మ పట్టుకొని బయ్యమ్మ వెనుక నిలుచుండెడివాడు. కొమ్మ ఎండినది తెచ్చినచో ఆమె తిట్లు వినలేక పరుగున పోయి వేరొకటి తెచ్చెడివాడు. దుప్పులు మరలి వచ్చెను, ఇప్పపువ్వు గంపలకెత్తెను, పెచ్చులూడిన గోడమీద ఆ యేటి పసిబిడ్డల చేతులు పడెను.

కావున దర్భకేతా! పెద్దలు నిలిచిన చోటు గలవారందరును ఈ నోము చేయవలెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లులు తోడు పెట్టుకొని చేయవలెను. రాజులు, రాజోద్యోగులు అడవివారిని అడిగి, వారి వెనుక నిలిచి మాత్రమే చేయవలెను. చేసినవారి చోటు చెదరదు, తిండి తరుగదు, తాతల పేరు మాయదు అని చలపర్ణుడు చెప్పగా, దర్భకేతుడు మాఘము దాక ఆగి తన క్రొత్త ఆశ్రమము చుట్టును నోము చేసికొనెను.

కథ అయినది, అక్షతలు నేలతల్లి మీద వేయుడు. ఏ నోము కథయైనను విన్నంతనే ఫలమిచ్చునందురు. ఈ కథ మాత్రము ఇయ్యదు. మీరు విన్నంత మాత్రాన గవి చుట్టూ గడ్డి తరుగునా? లెండి, కొమ్మలు పట్టుడు, మంచు విడిచినది.