చివరి గది ఊచ

ఒక చెరసాలలో ఊచలు తట్టే ముసలి కావలివాడు ఉండేవాడు. రోజూ పొద్దువాలే వేళకి కొయ్యసుత్తి పట్టుకుని గదిగదికీ వెళ్లి, కిటికీ ఊచల మీద తట్టి వినేవాడు. గట్టి ఊచ ఖంగుమంటుంది. ఎవరైనా కోసిపెట్టిన ఊచ పగిలిన కుండలా పలుకుతుంది. అతని చెవి దాటి ఎవరూ పారిపోలేదు.

ఒకనాడు చివరి గదిలో ఊచ ఒకటి పగిలిన కుండలా పలికింది.

ముసలాయన గోటితో గీకి చూశాడు. తుప్పు కలిపిన మైనం రాలింది. లోపల సన్నటి కోత.

"ఊచకి జలుబు చేసినట్టుందిరా," అన్నాడు.

ఖైదీ మొహం పాలిపోయింది. "పైవాళ్లకి చెప్పేస్తావా తాతా? చెబితే శిక్ష పెంచేస్తారు."

"ముందు నువ్వు చెప్పు. ఎక్కడికి పోదామని?"

"ఇంటికే. పసిగుడ్డుగా ఉన్నప్పుడు వదిలొచ్చాను నా పిల్లని. నెలనెలా మా అమ్మ ఎత్తుకొచ్చి ఈ కిటికీ అవతల నిలబడుతుంది. ముట్టుకుందామంటే ఊచల మధ్య వేలు తప్ప పట్టదు. మొన్న నన్ను మామయ్యా అంది తాతా."

ముసలాయన సుత్తి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు కమ్మరితో వచ్చాడు. పాత ఊచ తీయించి, అంతకంటే లావుది పెట్టించాడు. బిగించే ముందు కమ్మరి చెవిలో ఏదో చెప్పాడు. కమ్మరి ఊచని కాస్త పక్కకి జరిపి బిగించాడు.

చెరసాల అధికారి వచ్చి చూశాడు. "పాతదానికేమొచ్చింది?"

"దాని పని అయిపోయింది దొరా."

"మరి ఇక్కడ సందు ఎక్కువైందేం? దూరి పోడూ?"

"తల పట్టదు. నా తల పెట్టి చూసుకున్నాను."

"అయినా సందెందుకయ్యా?"

"పోవడానికి కాదు దొరా, రావడానికి."

ముసలాడికి మతి తప్పిందనుకుని అధికారి వెళ్లిపోయాడు.

ఆ నెల పిల్ల వచ్చింది. నాయనమ్మ భుజం మీద మొహం దాచుకుని, కాసేపటికి ఒక కన్నుతో చూసింది. తర్వాత సందులోంచి చిన్న చెయ్యి లోపలికొచ్చింది. ఖైదీ మీసం దొరకబుచ్చుకుని లాగింది. కళ్లలో నీళ్లు తిరిగినా అతను తల వెనక్కి తీసుకోలేదు.

పొద్దువాలింది. ముసలాయన సుత్తితో వచ్చేసరికి ఖైదీ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"గట్టిగా తట్టు తాతా. వదులైతే మళ్లీ మార్చేస్తారు."

ముసలాయన తట్టాడు. ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు.