నాలుగో నంబరు జెర్సీ

జగన్నాథం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఏదో ఒక పని వస్తుంది. ఆ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా వాలీబాల్ నేర్పుతున్న మనిషాయన. అడిగినవాడు ఆ పని పూర్తిచేసేసరికి ప్రశ్నను మరిచిపోవడమో, ఎందుకడిగానా అని నాలిక కరుచుకోవడమో జరుగుతుంది. అసిరినాయుడు మాత్రం ఆ రోజు అడిగినదాన్ని ఈనాటికీ మరిచిపోలేదు.

అసిరినాయుడు ఆ జట్టుకు సెట్టరు. వల పక్కన నిలబడి, ఎగిరి కొట్టేవాడి చేతికి సరిగ్గా అందేటట్టు బంతిని లేపడం అతని పని. బంతి అవతల పడితే కొట్టినవాడికి చప్పట్లు, వలలో పడితే లేపినవాడికి తిట్లు. ఆ తిట్లకు ప్రధాన కార్యాలయం ప్రహరీగోడ అవతల, మురుగుకాలవ దాటాక ఉన్న టీ దుకాణం. జూట్ మిల్లులో డ్యూటీ దిగినవాళ్ళు సాయంత్రం అక్కడి బెంచీల మీద కూర్చుని ఆట చూస్తారు. వాళ్ళలో ఒక్కడూ బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా అసిరినాయుడి మణికట్టు ఎంత వంగాలో, వేళ్ళు ఎక్కడ విప్పాలో అందరికీ కంఠతా వచ్చు. పోలయ్య అనే ఆయనైతే దుకాణం గోడ మీద అతని పేరు రాసి, పాడుచేసిన ఒక్కో బంతికి ఒక్కో సుద్దగీత పెడుతూ వచ్చాడు. నెల తిరిగేసరికి గీతలు కిటికీ దాకా పాకాయి. అసిరినాయుడి తల్లి అదే మిల్లులో పనిచేస్తుంది. ఆ గోడ చూడలేక ఆమె రైలు గేటు చుట్టూ తిరిగి ఇంటికి పోవడం మొదలుపెట్టింది.

అది తెలిసిన రోజున అతను జట్టు నుంచి తప్పుకుంటానని ఉత్తరం రాసుకుని మాస్టారి దగ్గరకు వచ్చాడు.

"ఆళ్ళు సెప్పిందే నిజమైతే నాను ఆడకూడదు మాస్టారూ. నిజం కాదంటే, మా అమ్మ ఎందుకు దారి మార్సుకోవాలి? ఏది నిజమో మీరు సెప్పండి" అన్నాడు.

మాస్టారు ఉత్తరం చదివి జేబులో పెట్టుకున్నారు. "రేపు పాలిటెక్నిక్ వాళ్ళతో ఆట ఉంది. నువ్వు ఆడకు. తలకు తువ్వాలు చుట్టుకుని ఆ టీ దుకాణంలో వెనక బెంచీ మీద కూర్చో. అయిపోయాక వచ్చి నాకు చెప్పు" అన్నారు.

ఇక్కడ ఆ కాలేజీ ఆనవాయితీలు రెండు చెప్పాలి. జెర్సీ మీది నంబరు మనిషిది కాదు, స్థానానిది. సెట్టరుగా ఎవడు దిగినా నాలుగో నంబరే వేసుకోవాలి. రెండోది, జోనల్ పోటీలకు ముందు జట్టంతా సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చి వస్తుంది. ఆ వారమే వెళ్ళి వచ్చారు. కాలవ అవతలి నుంచి చూస్తే పన్నెండు గుండ్లు ఒక్కలాగే మెరుస్తాయి.

మర్నాడు నాలుగో నంబరు కూర్మారావుకు దక్కింది. మూడేళ్ళుగా బెంచీ అరగదీస్తున్న రెండో సెట్టరు అతను. అదే ఆఖరి సంవత్సరం. పూర్తి ఆట ఆడడం అదే మొదటిసారి.

మొదటి బంతే చెయ్యి జారింది. "సూసినారా! అసిరిగాడు మళ్ళీ అదే సెయ్యి! ఈ జన్మకి మారడు" అని పోలయ్య గోడ మీద గీత పెట్టాడు. పక్కనున్న తవుడు ఎప్పుడూ అసిరినాయుణ్ణి వెనకేసుకొచ్చే మనిషి. "నువ్వూరుకో పోలయ్యా. కొట్టినోడు ఆలీసెంగా ఎగిరితే అసిరిగాడేటి సేస్తాడు?" అని ఎగిరిపడ్డాడు. అక్కడినుంచి ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు నొక్కేలా వాదించుకున్నారు. తిట్టినవాడూ తనను చూడలేదు, మెచ్చినవాడూ తనను చూడలేదు. తువ్వాలు కింద అసిరినాయుడికి నవ్వొచ్చింది. నెల్లాళ్ళుగా వీళ్ళకోసమా తను అన్నం సహించక పడుకున్నది! ఆ నవ్వు చేదుగానే ఉన్నా, గుండె మీది బరువు దిగింది.

ఆఖరి గేము ఆఖర్న కూర్మారావు ఒక బంతిని వెనక్కి తిరిగి చూడకుండా తల మీదుగా వెనక్కి లేపాడు. కొట్టేవాడి అరచేతిలో పెట్టినట్టు వెళ్ళింది. అంత సాహసం అసిరినాయుడు ఏనాడూ చెయ్యలేదు. ఆట గెలిచారు. దుకాణం దుకాణమంతా లేచి నిలబడింది. "అదీ మా అసిరినాయుడంటే!" అని తవుడు అరిచాడు. పోలయ్య మారుమాట లేకుండా తువ్వాలు తడిపి గోడ మీది గీతలన్నీ తుడిచేశాడు.

ఆ గోడను చూస్తూ అసిరినాయుడు తెలియకుండానే లేచాడు. తలగుడ్డ జారింది. అందరూ ఇటు తిరిగారు.

"ఇడుగో, అప్పుడే గోడ దూకి వొచ్చీసినాడు!"

జెర్సీతో ఆడినవాడు గళ్ళచొక్కాలో ఎలా ప్రత్యక్షమయ్యాడని ఒక్కడు అడిగితే ఒట్టు. భుజాలు తట్టారు, చేతిలో టీ గ్లాసు పెట్టారు. అతను చెప్పడానికి నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఇంతలో పోలయ్య అతని రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిపోనాది బాబూ. మీయమ్మని రేపట్నుంచి ఈ దారినే రమ్మను. నాను సెప్పినానని సెప్పు" అన్నాడు.

అసిరినాయుడు నోరు మూసుకుని టీ తాగాడు.

మైదానానికి తిరిగి వచ్చేసరికి మాస్టారు బంతులు సంచిలో వేస్తున్నారు. కూర్మారావు కుళాయి దగ్గర నాలుగో నంబరు జెర్సీ ఉతుకుతున్నాడు.

"ఆళ్ళకేటీ తెలీదు మాస్టారూ, గుడ్డోళ్ళు. ఎవుడు ఆడతన్నాడో కూడా తెలీదు. నా ఉత్తరం ఇచ్చీండి, చింపీస్తాను. నాను ఆడతాను" అన్నాడు అసిరినాయుడు ఉత్సాహంగా.

మాస్టారు జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చారు.

కూర్మారావు జెర్సీ పిండుతూ తలెత్తాడు. అడగాలా వద్దా అని కాస్త తటపటాయించి, "అసిరీ, ఆ ఎనక బంతికి అక్కడోళ్ళు పెద్దగా అరిసినారు. కాలవ ఇవతలికి సరిగ్గా ఇనపడ్లేదు. నన్ను ఏటన్నార్రా?" అన్నాడు.

అసిరినాయుడి చేతిలో ఉత్తరం సగం చినిగి ఆగిపోయింది.

మాస్టారు సంచి మూతి బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నారు: "వాళ్ళకు తెలీదన్నావు కదురా. తెలిసినవాడివి, నువ్వు చెప్పు."