భద్రమ్మ కొట్టిన మూడు ఊఁలు

అనగనగా ఒక అడవిలో, చైత్ర శుద్ధ విదియ నాడు, భద్రమ్మ అనే ముసలి ఏనుగుకు అన్యాయం జరిగింది. చేసింది కనకాంగి అనే ముంగిస. ఎందుకు చేసిందంటారా పిల్లలూ? కడుపుమంట!

ముసలితనంలో జ్ఞాపకం ఎలా మారుతుందో కనకాంగి పరిశోధిస్తోంది. ధవళ అనే కొంగ కూడా అదే పనిలో ఉంది. "ధవళ ఎంత ఓపిగ్గా అడుగుతుందో!" అని ఎవరన్నా అంటే చాలు, ముంగిస తోక కుచ్చులా లేచేది.

"ఒంటికాలి మీద నిలబడితే పండితురాలైపోతుందా?" అని పళ్లు నూరేది.

కొంగ కంటే ముందే ఏదో ఒకటి తేల్చెయ్యాలి. మిట్టమధ్యాహ్నం భద్రమ్మ కునుకు తీస్తుంటే వెళ్లింది.

"అవ్వా, నీ జ్ఞాపకాన్ని పరీక్షిస్తాను."

"ఊఁ."

"వాగు దారిలో నీ గుర్తురాళ్లు జరుపుతాను."

"ఊఁ."

"నీకు సమ్మతమేగా?"

"ఊఁ."

కనకాంగి తాటాకు మీద "ఒప్పుకుంది" అని గీకేసింది. ఆ సాయంత్రమే రాళ్లు జరిపేసింది.

మర్నాడు మందను వాగుకు నడిపించబోయి భద్రమ్మ ముళ్లపొదల్లో చిక్కుకుంది. పిల్ల ఏనుగులు దాహంతో ఏడ్చాయి.

"నా బుర్ర పాడైపోయిందర్రా. ఇక ముందు నడవలేను" అని అవ్వ వెనక వరసలోకి వెళ్లి నిలబడింది.

కనకాంగి మాత్రం గెంతుతూ కొంగ దగ్గరికి పోయింది. "చూశావా! నేనే ముందు కనిపెట్టాను. ఆవిడ ఒప్పుకుంది కూడా. మూడు ఊఁలు!"

ధవళ నేరుగా వెళ్లి అవ్వనే అడిగింది. "కనకాంగి నీతో ఏం చెప్పింది అవ్వా?"

"ఏదో కథ చెబుతోందనుకున్నా తల్లీ. ఊఁ కొట్టకపోతే చిన్నబుచ్చుకుంటుంది కదా!"

ముంగిస మొహం మాడిపోయింది. తప్పు దొరుకుతుందేమోనని, కొంగ రాసుకున్న తాటాకును లాక్కుని చూసింది. కొంగ అడిగిన ముసలివాళ్లలో సగానికి పైగా పేర్ల పక్కన "వద్దంది, వద్దన్నాడు" అనే ఉంది!

"ఇవెందుకు రాశావు? సిగ్గులేదూ?"

"వాళ్లు చెప్పిన మాటే కదమ్మా, రాసుకోవద్దూ?"

ఆ రాత్రి కనకాంగికి అన్నం సయించలేదు. తెల్లారగానే రాళ్లు ఎక్కడివక్కడ పెట్టింది. మంద ముందు నిలబడి, "అవ్వ బుర్ర బంగారం. పాడైంది నా బుద్ధి" అంది. అవ్వ మళ్లీ ముందు వరసలోకి వచ్చింది.

అప్పుడు ముంగిస పరీక్ష సంగతంతా విడమరిచి చెప్పి అడిగింది. "అవ్వా, నేనేం చేస్తానన్నానో నీ నోటితో చెప్పు. తర్వాత నీ ఇష్టం."

"రాళ్లు జరుపుతావు. నేను దారి తప్పుతానో లేదో చూస్తావు. వద్దు. పోవే అవతలికి!"

కనకాంగి కొంగ వైపు ఓరగా చూసింది. "ఒప్పుకుంది" అన్న మాట కొట్టేసి, గోరుతో గట్టిగా గీకింది: "చైత్ర శుద్ధ చవితి. భద్రమ్మ వద్దంది."

నీతి: ఊఁ కొట్టడం ఒప్పుకోవడం కాదు, అర్థమయ్యేలా చెప్పి అడగాలి, వద్దంటే వెనక్కి తిరగాలి.