రెండు పిడుల రంపం

రోవెనా పైక్ అమెరికాలో ఒక కొండప్రాంతపు రాష్ట్రానికి సెనేటు సభ్యురాలు. ఆగస్టులో కార్చిచ్చు ఆ రాష్ట్రంలో ఒక ఊరిని బూడిద చేసింది. ఇళ్లు కట్టించే బిల్లు మూడు నెలలైనా సభలో కదలలేదు. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ రోజూ టీవీల్లో తిట్టుకుంటున్నాయి. నలభై కుటుంబాలు గుడారాల్లోనే ఉన్నాయి.

నవంబరులో ఒక ఉదయం ఆమె కొండ మీది జెన్ బౌద్ధ ఆశ్రమానికి వెళ్లింది. అక్కడి టెన్‌షిన్ గురువుకు ఆమె పదకొండేళ్లుగా శిష్యురాలు.

"గురువుగారూ, బిల్లును ఆపింది వాళ్లే. ఆధారాలన్నీ నా దగ్గరున్నాయి. జనానికి ఎలా తెలియజెప్పాలి?"

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు.

"నిన్న ఒకాయన వచ్చి అచ్చం ఇదే అడిగాడు. ఇవాళ రమ్మన్నాను. పద."

ఆశ్రమం వెనక, మంటల్లో మాడి కూలిన దేవదారు మాను నడుమెత్తున పడి ఉంది. దాని మీద పొడవాటి రంపం, రెండు కొసలకూ పిడులు. ఒక పిడి పట్టుకుని నిలబడ్డవాడు హ్యూగో బ్రాంట్. అవతలి పార్టీ నాయకుడు. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"గుడారాల్లో పొయ్యిలకు కట్టెలు కావాలి," అన్నాడు గురువు. "ఒక్కరితో ఈ రంపం నడవదు."

రోవెనా వెనుదిరగబోయింది. కింద లోయలో గుడారాలు కనబడ్డాయి. వచ్చి రెండో పిడి పట్టుకుంది.

రంపం రెండుసార్లు కదిలి బిగుసుకుపోయింది.

"మీరు తోస్తున్నారు," అన్నాడు బ్రాంట్.

"మీరు నొక్కుతున్నారు," అంది రోవెనా.

ఈసారి రంపపు రేకు విల్లులా వంగింది.

గురువు దగ్గరికి వచ్చి, పిడి మీద బిగిసిన ఆమె వేళ్లను ఒక్కొక్కటే వదులు చేశాడు. మాను చుట్టూ మెల్లగా నడిచి వెళ్లి బ్రాంట్ వేళ్లనూ అలాగే వదులు చేశాడు. ఆయనకు ఎనభై దాటాయి.

"మీ వంతు వచ్చినప్పుడు లాగండి. తర్వాత వదలండి. అంతే."

ఆమె లాగింది. వదిలింది. రంపం అవతలికి జారిపోయి మళ్లీ తన చేతిలోకి వచ్చింది. కాసేపటికి ఎవరి బలం ఎంతో ఆమెకు తెలియకుండా పోయింది. ఏదో పెద్ద ప్రాణి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కొండంతా ఆ ఒక్క చప్పుడే.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మాను విడిపోయింది.

నల్లటి బెరడు లోపల కర్ర తేనెరంగులో ఉంది. మసి లోపలికి అంటలేదు. వలయంలో వలయం, వలయంలో వలయం. రోవెనా మోకాళ్ల మీద కూర్చుని, గోటితో వలయానికో ఏడాది లెక్కపెడుతూ లోపలికి వెళ్లింది. దేశం పుట్టిన ఏడాది దాటింది. మాను నడిమధ్య ఇంకా జానెడు దూరంలో ఉంది. ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

బ్రాంట్ వచ్చి పక్కనే కూర్చున్నాడు. టోపీ తీశాడు.

గురువు ఒక బొగ్గుముక్క తీసుకుని, మాను మీద తెగినచోటికి మూరెడు అవతల, మళ్లీ కోయాల్సినచోట ఒక గీత గీశాడు.

"సాయంత్రానికి మంచు పడుతుంది," అన్నాడు.