పీత తిన్నగా నడిచిన చివరి రోజు

ఒకప్పుడు, కార్తీక బహుళ తదియ మంగళవారం నాడు, పొద్దున మంచు కురిసి ఆనక చక్కటి ఎండ కాసిన వేళ, పీత తన కన్నంలోంచి తిన్నగా ముందుకు నడుచుకుంటూ వచ్చింది. అవును, ముందుకే.

ఆ కాలంలో కాలవగట్టు తోటలో కోతపని పీతదే. బెండకాయ ముదరకముందే కోయాలన్నా, వంకాయ తొడిమతో సహా తెంపాలన్నా దాని రెండు కత్తెర్లే దిక్కు. కాకరకాయలు మాత్రం ఉడత కోసేది. ఎందుకంటారా, అది వేరే కథ, ఇప్పుడొద్దు.

కోత అయ్యాక కత్తెర్లకు పదును పెట్టుకోవాలి. ముందు కాయల జిగురు కడగాలి. రాయి తడపాలి. అంచును రాతిమీద ఆనించి, ఒంటికి దూరంగా, ఒకే వైపుకి తొయ్యాలి. ముందుకీ వెనక్కీ గబగబా రుద్దితే గాయమే మిగులుతుంది. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది: నూరేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

అందుకని పీత రాయి తడపగానే గట్టు ఖాళీ అయ్యేది. చిలక ఎగిరిపోయేది. నత్త కూడా, దానికి చేతనైనంత వేగంగా, వెళ్లిపోయేది. కాయలు తినడానికి వచ్చినవాళ్లలో పలకరించడానికి ఆగేవాళ్లు లేరు. "పీత కష్టాలు పీతవి" అనుకునేవారు.

కప్ప ఒక్కటే పీత వెనకాల కూర్చుని కబుర్లు చెప్పేది. అప్పట్లో కప్పకు పొడుగాటి తోక ఉండేది.

ఆ మంగళవారం పీత అంది: "కప్ప బావా, ఇన్నాళ్లూ నీ గొంతే విన్నాను. ఒక్కసారి ఎదురుగా వచ్చి కూర్చోవూ? నువ్వు నవ్వుతుంటే చూడాలనుంది."

"నా మొహమా! మా ఆవిడే చూడలేక అటు తిరుగుతుంది బావా."

"పర్వాలేదు, రా."

"మరి నియమం?"

"జాగ్రత్తగా నూరతాలే."

కప్ప ఎదురుగా వచ్చి కూర్చుంది. పీతకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఇంతలో ఒక దోమ వచ్చింది. కప్ప గిర్రున తిరిగి నోరు చాపింది. తోక రాతిమీద పడింది. పీత చూపేమో కప్ప మొహం మీదే ఉంది.

కసుక్కు!

"అయ్యో, తప్పు నాదే బావా!"

"పోన్లే, తోకేగా" అంది కప్ప, కళ్లనీళ్లు మింగుతూ.

మర్నాడు పీత కత్తెర్లలో గాయపాకు పట్టుకుని బయల్దేరింది. ఆ కత్తెర్లు కనబడగానే కప్ప బుడుంగున నీళ్లలోకి దూకింది. కోపంతో కాదు. ఒళ్లు మాట వినలేదు.

పీత పక్కకి తిరిగి, అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది. "ఇప్పుడు కత్తెర్లు నీవైపు లేవు బావా, చూడు!"

నీళ్లు కదిలాయి. కప్ప పైకి రాలేదు. ఆకు వాడిపోయేదాకా చూసి, పీత అడ్డంగానే కన్నంలోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచే పీత అడ్డంగా నడుస్తోంది, అలికిడైతే కన్నంలో దూరుతోంది. ముసలి పీత పోయాక దాని కత్తెర్లూ, అడ్డనడకా పిల్లలకు వచ్చాయి. కప్ప తోక కప్ప పిల్లలకు వచ్చింది, పసితనంలో కొన్నాళ్లకే. వాళ్లిద్దరి స్నేహం మాత్రం ఎవరికీ రాలేదు.